స్టెంట్‌కి అప్పటికప్పుడు సంతకం అడుగుతున్నారా? జాగ్రత్త

మా నాన్నకు మెట్లెక్కితే ఛాతీ పట్టేసేది, కూర్చుంటే తగ్గేది. చాలాకాలంగా అంతే, పెరిగింది లేదు. ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చూసే రక్తపరీక్ష) మామూలుగానే వచ్చాయి. యాంజియో, అంటే గుండె ధమనుల్లోకి రంగుమందు పంపి బ్లాకులున్నాయేమో చూసే ఎక్స్‌రే, చేసి చూద్దామన్నారు, సరేనన్నాం.

నాన్న ఇంకా ఆ పరీక్ష చేసే గదిలో (క్యాథ్ ల్యాబ్) బల్ల మీదే ఉన్నారు, మణికట్టులో గొట్టం కూడా తీయలేదు. ఒకాయన బయటికొచ్చి అమ్మ చేతిలో కాగితం పెట్టాడు. "రెండు బ్లాకులు, 90 శాతం. ఇప్పుడే స్టెంట్లు వెయ్యాలి. రాత్రికి ఏమన్నా అయితే మా పూచీ లేదు." ఒకసారి చూపించండి అని అమ్మ అడిగింది. "చూస్తే మీకేం అర్థమవుతుంది? తొందరగా తేల్చండి" అంటూ వణుకుతున్న ఆ వేళ్ల మధ్య పెన్ను దూర్చాడు. ఆ పెన్ను దూర్చడం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండిపోతోంది. మనిషిని లోపల పడుకోబెట్టి, బయట భార్యను చావుతో బెదిరిస్తారా? అలా తీసుకున్నదాన్ని అంగీకారం అని ఎవరైనా అనగలరా?

యాంజియో రికార్డు చేసిన సీడీ కోసం కూడా తిప్పించుకున్నారు. వేరే కార్డియాలజిస్టు చూసి, రెండో బ్లాకు 50-60 మధ్యలోనే ఉందన్నారు. అలాంటి మధ్యస్థం బ్లాకుకు సన్నటి తీగ పంపి ఎఫ్‌ఎఫ్‌ఆర్ కొలుస్తారు, అంటే బ్లాకుకు ముందున్న రక్తపు ఒత్తిడిలో ఎంత వంతు దాన్ని దాటి అవతలికి చేరుతోందో చూస్తారు. 0.80 దాటి వస్తే మామూలుగా స్టెంట్ అక్కర్లేదు. ఆ పరీక్షే చెయ్యకుండా స్టెంట్ వేసేశారు! ఇప్పుడు నాన్న నెలల తరబడి రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు మింగాలి.

యాంజియోప్లాస్టీ (బ్లాకును బెలూన్‌తో తెరిచి, స్టెంట్ అనే జాలీ గొట్టం పెట్టే పద్ధతి) మీద నాకు కోపం లేదు. 1977లో గ్రూంట్‌జిగ్ అనే వైద్యుడు మొదటిసారి గుండె ధమనిలో బెలూన్ ఊదినప్పటి నుంచి అది లెక్కలేనంతమందిని కాపాడింది. గుండెపోటు వస్తే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. కానీ నొప్పి నిలకడగా ఉన్నవాళ్ల సంగతి వేరు. 2007లో కరేజ్, 2020లో ఇస్కీమియా అనే పెద్ద వైద్య అధ్యయనాలు తేల్చిందేమిటంటే, మంచి మందులకు తోడు స్టెంట్ వేసినా వాళ్లలో మరణాలు తగ్గలేదు. నొప్పి తగ్గొచ్చు, అది నిజమే. ఎడమ ప్రధాన ధమనిలో పెద్ద బ్లాకున్నవాళ్లను ఇస్కీమియా అధ్యయనంలో చేర్చలేదు, వాళ్ల లెక్క వేరు.

యాంజియోకి వెళ్లేముందే అంగీకార పత్రం మీద "యాంజియోగ్రామ్ మాత్రమే, స్టెంట్ సంగతి మాట్లాడాకే" అని రాయండి. సీడీ అడిగి తీసుకోండి. స్టెంట్ ఇప్పటికే వేసేసి ఉంటే మాత్రం కోపంతో మాత్రలు ఆపకండి, లోపల గడ్డకట్టి ప్రాణం మీదికొస్తుంది.