సైకిల్ హ్యాండిల్ అద్దం: బెంగళూరు రోడ్ల మీద ఎంతవరకు పనికొస్తుంది?

సైకిల్ హ్యాండిల్ చివర బిగించుకునే చిన్న గుండ్రటి అద్దం గురించి ఈ సమీక్ష. బెంగళూరులో సైకిల్ సామాను అమ్మే చాలా దుకాణాల్లో ఇది దొరుకుతుంది. పెట్టె మీద పేరు మారుతుంది గాని లోపలి వస్తువు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుంది కనుక కంపెనీ పేరు చెప్పి ప్రయోజనం లేదు. నేను కొన్నది కుడి వైపున హ్యాండిల్ గొట్టంలోకి దూర్చి, ఎలెన్ కీ అనే ఆరు పలకల చిన్న పనిముట్టుతో బిగించే రకం. వెల 450 రూపాయలు. అయిదింటికి మూడున్నర నక్షత్రాలు ఇస్తున్నాను. తగ్గించిన ఒకటిన్నరలో వస్తువు నాణ్యతకు పోయింది అర నక్షత్రం మాత్రమే. మిగిలిన ఒకటి దేనికి తగ్గించానో చెప్పాలంటే కొంచెం వివరంగా రాయవలసి ఉంది.

ముందుగా దీనిని ఎటువంటి రోడ్ల మీద వాడానో చెప్పాలి, ఎందుకంటే అద్దం విలువ రోడ్డును బట్టి మారుతుంది. నా దారి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ లోపలి వీధుల నుంచి మొదలై, అగర, ఇబ్బలూరు, బెళ్ళందూరు మీదుగా అవుటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు పట్టుకుని మారతహళ్ళి దాకా పోతుంది. ఈ రింగ్ రోడ్డు మీద 2020లో సైకిళ్ల కోసం ప్రత్యేకంగా ఒక తాత్కాలిక దారి గీసి, పక్కన ప్లాస్టిక్ స్తంభాలు నాటారు. ద్విచక్ర వాహనాలు అందులోకి దూరడం, ఆటోలు అక్కడే నిలబడటం ఎలాగూ జరిగేవి. ఆ తర్వాత సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్.పురం దాకా మెట్రో పనులు వచ్చి ఆ దారిని మింగేశాయి. కనుక ఇప్పుడు సైకిల్ తొక్కేవారు నీళ్ల ట్యాంకర్లతో, కంపెనీ క్యాబ్‌లతో, సిటీ బస్సులతో ఒకే తారు మీద చోటు పంచుకోవలసిందే.

ఇది ఉబ్బెత్తు అద్దం. వెనక రోడ్డు ఎక్కువ వెడల్పున కనిపిస్తుంది గాని, ప్రతి వాహనమూ ఉన్నదానికంటే చిన్నదిగా, దూరంగా కనిపిస్తుంది. దీనికి కన్ను అలవాటు పడాలి. నేను గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుండగా వెనక నుంచి 40 కిలోమీటర్ల వేగంతో ఒక కారు వస్తోందనుకుంటే, అది నా వైపు సెకనుకు దాదాపు 7 మీటర్ల చొప్పున దగ్గరవుతుంది. ముప్పై మీటర్ల దూరంలో దానిని అద్దంలో పోల్చుకుంటే నాలుగు సెకన్లకు పైగా సమయం దొరుకుతుంది. అదే కారు 60 మీద వస్తుంటే మిగిలేది రెండున్నర సెకన్లు కూడా కాదు. ఈ వస్తువు అమ్మేది, నిజానికి, ఆ రెండు నుంచి నాలుగు సెకన్లు.

ఆ సెకన్లతో ఏమి చేయగలమన్నది అసలు ప్రశ్న. హెచ్‌ఎస్‌ఆర్ లోపలి రోడ్లలో చాలా చేయవచ్చు. రోడ్డు ఎడమ అంచున ఇసుక, మురుగు కాలువ మూతల మధ్య సందులు, తవ్వి సరిగా పూడ్చని గుంతలు ఉంటాయి. వాటిని తప్పించడానికి సైకిల్ తొక్కేవారు ఒక్కసారిగా కుడికి జరుగుతారు, సరిగ్గా అప్పుడే వెనక నుంచి వచ్చే వాహనం హారన్ మోగిస్తుంది. అద్దం ఉంటే గుంత ఇంకా పది గజాల దూరంలో ఉండగానే వెనక ఖాళీ ఉందో లేదో తెలుస్తుంది, ముందుగానే నెమ్మదిగా జరిగి, గుంత దాటాక నెమ్మదిగా వెనక్కి రావచ్చు. చప్పుడు లేకుండా వచ్చే విద్యుత్ స్కూటర్ల విషయంలో దీని ఉపయోగం మరీ ఎక్కువ; చెవి చెప్పలేని సంగతిని అద్దం చెబుతుంది.

హారన్ విషయంలో కూడా ఒక మేలు జరిగింది. ఈ ఊళ్లో హారన్ మోగించడానికి కారణం అవసరం లేదు; సిగ్నల్ పచ్చగా మారిన మరుక్షణం మోగుతుంది, ఎదురుగా కదలడానికి చోటు లేకపోయినా మోగుతుంది. వెనక ఏముందో తెలియనప్పుడు ప్రతి హారన్‌కూ సైకిల్ తొక్కేవారి భుజాలు బిగుసుకుని, చక్రం తనంతట తానే ఎడమకు, అంటే కాలువ మూతల మీదికి, తిరుగుతుంది. అద్దంలో ఒకసారి చూస్తే అది నా కోసం కాదు, ఆటో ముందున్న కారు కోసం అని తెలుస్తుంది. నా కోసమే అయినప్పుడు కూడా, కుడి వైపు రెండు మీటర్ల చోటు వదిలి ఉన్నానని కంటితో చూసుకున్న తరువాత, పక్కకు తప్పుకోవలసిన అవసరం లేదన్న నిబ్బరం వస్తుంది.

ఇక రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు సంగతి వేరు. అక్కడ ఒక పక్క మెట్రో పనుల రేకులు, మరొక పక్క కాలిబాట గట్టు. మధ్యలో ఒక బస్సు పట్టేంత దారి. వెనక నుంచి ట్యాంకర్ వస్తోందని అద్దం నిజాయితీగా చెబుతుంది, చెప్పినా నేను పోయే చోటు లేదు. రోడ్డు మీద చోటు లేనప్పుడు ముందుగా తెలియడం వల్ల కలిగేది జాగ్రత్త కాదు, ఆందోళన మాత్రమే. ఆ ముక్కలో అద్దంలోకి చూడటం దాదాపు మానుకున్నాను. సందు దొరికిన చోట ఆగి, పెద్ద వాహనాన్ని పోనిచ్చి, మళ్ళీ ఎక్కడమే అక్కడ సరైన పద్ధతి.

బస్సులదీ క్యాబ్‌లదీ ఒక ప్రత్యేకమైన అలవాటు. సైకిల్‌ను దాటి, దాటిన వెంటనే ఎడమకు విరుచుకుని, సైకిల్ ముందే ఆగుతాయి. బస్సు స్టాపు కోసం, క్యాబ్ ఏదో ఒక టెక్ పార్కు గేటు కోసం. పది సెకన్లు వెనక ఉండి ఉంటే ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేని చోట, ముందు చేరాలన్న ఆత్రం తప్ప వేరే కారణం కనిపించదు. ఇండికేటర్ వేసేవారు అరుదు. ఈ సందర్భంలో అద్దం సగం పని చేస్తుంది: వెనక బస్సు ఎడమ వరుసలోకి మళ్ళుతోందని, ముందు స్టాపు దగ్గర జనం నిలబడి ఉన్నారని, రెండూ కలిపి చదువుకుంటే, బ్రేకు మీద వేళ్లు ముందే పడతాయి. క్యాబ్ మనసులో ఏ గేటు ఉందో మాత్రం ఏ అద్దమూ చెప్పదు.

ముందు నుంచి వచ్చే ప్రమాదాలకు ఇది ఎందుకూ కొరగాదు, అది దాని తప్పూ కాదు. సర్వీసు రోడ్డు మీద ఎదురు దిశలో వచ్చే డెలివరీ కుర్రాళ్లు, చెవికి భుజానికి మధ్య ఫోను ఇరికించుకుని సందులోంచి బయటికి వచ్చే స్కూటర్లు, ఆగి ఉన్న కార్ల తలుపులు: ఇవన్నీ కంటి ఎదుటివే. హెచ్‌ఎస్‌ఆర్ 27వ మెయిన్‌లో ఆగిన ఒక క్యాబ్ కుడి తలుపు నా ముందు చక్రానికి మూరెడు దూరంలో తెరుచుకుంది. డ్రైవర్ "నోడ్కొండు హోగి సార్" (చూసుకుని వెళ్ళండి సార్) అన్నాడు. నా వచ్చీరాని కన్నడం వినగానే భాష మార్చి, "తెలుగోళ్ళా అన్నా? డోరు తీసింది ప్యాసింజరు, నేనేం జేసేది?" అన్నాడు. "తీసే ముందు మీ అద్దంలో చూసి చెప్పాల్సింది మీరే కదండీ" అన్నాను. అతని కారుకు అరచేయి కంటే పెద్దవి రెండు అద్దాలు, లోపల మూడోది ఉన్నాయి. నేను డబ్బు పెట్టి కొనుక్కున్న చూపు, అతనికి కారుతో పాటే ఉచితంగా వచ్చింది.

ఇప్పుడు తగ్గించిన ఆ ఒక నక్షత్రం సంగతి. అద్దం లేనప్పుడు కుడికి జరగాలంటే తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడాలి. అలా తల తిప్పడం నాకు చూపు మాత్రమే కాదు, వెనక ఉన్న డ్రైవర్‌కు ఒక కబురు కూడా: ఈ మనిషి జరగబోతున్నాడు, ఇతనికి నేను కనిపిస్తున్నాను అని. చాలామంది డ్రైవర్లు ఆ ఒక్క తిప్పుతో కొంచెం వేగం తగ్గిస్తారు. ముఖం కనిపించిన మనిషిని ఆనించి పోవడానికి ఎంత తొందరలో ఉన్నవారైనా కాస్త జంకుతారు. అద్దం వచ్చాక తల తిప్పవలసిన అవసరం పోతుంది, దానితో పాటు ఆ కబురూ పోతుంది. వెనక డ్రైవర్‌కు కనిపించేది కదలని వీపు మాత్రమే. అందుకే ఎడం తక్కువగా దాటే వాహనాల సంఖ్య అద్దం పెట్టుకున్నంత మాత్రాన తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అద్దంలో చూసి, ఖాళీ ఉందని తెలిసినా సరే, తల తిప్పి, చేయి చాచి, అప్పుడే జరగాలి. ఈ మాట పెట్టె మీద ఎక్కడా రాసి లేదు, రాసి ఉండవలసింది.

దాటేటప్పుడు వదలవలసిన ఎడం గురించి చట్టం ఏమంటుందన్న ప్రశ్న సైకిల్ తొక్కేవారి మధ్య తరచు వస్తుంది. జర్మనీలో ఊరి లోపల సైకిల్‌ను దాటే మోటారు వాహనం కనీసం 1.5 మీటర్ల ఎడం పాటించాలని 2020 నుంచి స్పష్టమైన కొలతతో నియమం ఉంది. మన మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్, 2019 సవరణ తరువాత, చట్టానికి విరుద్ధంగా ఇతర వాహనాలను దాటడాన్ని, ఎదురు దిశలో నడపడాన్ని, నడుపుతూ ఫోన్ చేత పట్టుకోవడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద లెక్కగడుతుంది. మొదటి తప్పుకు జరిమానా 1,000 నుంచి 5,000 రూపాయల దాకా ఉంటుంది. బెంగళూరు ట్రాఫిక్ పోలీసులు పౌరుల నుంచి ఫొటోలు తీసుకోవడానికి యాప్ ద్వారా ఏర్పాటు చేశారు. అయితే ఫొటోలో నెంబరు ప్లేటు కనబడాలి. అద్దంలో ప్లేటు తిరగబడి, ఆవగింజంత కనిపిస్తుంది. వాహనం ముందుకు పోయాక చదవాలంటే అది అప్పటికే ట్రాఫిక్‌లో కలిసిపోతుంది. సాక్ష్యం కావలసినవారు కెమెరా కొనుక్కోవాలి, అద్దం ఆ పనికి రాదు.

వస్తువు నాణ్యత గురించి క్లుప్తంగా. అద్దాన్ని కావలసిన కోణంలో నిలిపే బంతి కీలు కొత్తలో గట్టిగా ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ల మీద ఎగిరెగిరి వదులై, ఇంటికి చేరేసరికి ఆకాశాన్ని చూపించడం మొదలుపెడుతుంది. కీలు పక్కనున్న చిన్న మరను అప్పుడప్పుడు బిగిస్తే సరిపోతుంది, కనుక ఎలెన్ కీని సంచీలోనే ఉంచుకోవాలి. కంకర తేలిన రోడ్డు మీద అద్దం వణికి, వెనక ఏదో వాహనం ఉందని తెలుస్తుంది గాని ఏ వాహనమో తెలియదు. వానలో చుక్కలు పట్టుకుంటాయి, బొటనవేలితో తుడుచుకుంటూ పోవచ్చు. రాత్రి పూట హై బీమ్ వేసుకుని వెనక నిలిచే కార్ల వెలుగు నేరుగా కంట్లో పడుతుంది. ఊరి లోపల, వీధి దీపాల కింద, హై బీమ్‌తో పనేమిటో అడగడానికి సిగ్నల్ సమయం చాలదు. అపార్ట్‌మెంట్ సైకిల్ స్టాండులో పక్క సైకిల్ తగిలి అంచు చెక్కుకుపోయింది, అద్దం మాత్రం పగలలేదు.

కొనబోయేవారు ముందు తమ గ్రిప్పులు చూసుకోవాలి. చివర మూసి ఉన్న రబ్బరు గ్రిప్పు అయితే దాని చివర కోస్తే తప్ప ఇది లోపలికి పోదు. కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న రేసు సైకిళ్లకు ఈ రకం సరిపడదు. హెల్మెట్‌కు తగిలించే బుల్లి అద్దాలు తలతో పాటు తిరుగుతాయి గాని, వాటికి అలవాటు పడటానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. రాడార్ ఉన్న వెనక లైట్లు కూడా వచ్చాయి; వాటిలో కొన్ని 140 మీటర్ల దూరం నుంచే వచ్చే వాహనాన్ని పసిగడతాయి. వెల వేలల్లో ఉంటుంది. తెల్లవారుజామున నంది కొండ వైపు ఖాళీ రోడ్డు మీద తొక్కేవారికి అవి అక్కరకు వస్తాయేమో. సాయంత్రం ఆరు గంటలకు ఇబ్బలూరు దగ్గర 140 మీటర్ల లోపల వాహనం లేని క్షణమంటూ ఉండదు కనుక అక్కడ రాడార్ చెప్పేది కొత్త సంగతి కాదు.

నాకు అద్దం అమ్మిన దుకాణదారు మదనపల్లె మనిషి. బిగించిన తీరు శుభ్రంగా ఉంది, బిగింపుకు వేరే డబ్బు అడగలేదు, గ్రిప్పు చివర కోసేముందు నా అనుమతి అడిగాడు. "సార్, ఎడమ పక్కకు గూడా ఒకటి ఏసేమంటారా? జతగా తీసుకుంటే తగ్గిస్తా" అన్నాడు. ఆ ప్రతిపాదన తీసివేయదగింది కాదు, ఎందుకంటే సైకిల్‌కు, కాలిబాటకు మధ్య ఉన్న జానెడు సందులోంచి ఎడమ వైపున దాటిపోయే స్కూటర్లు ఈ ఊళ్లో కోకొల్లలు, కుడి అద్దం వాటిని చూపించదు. అయినా కొనలేదు. నా హ్యాండిల్ వెడల్పు 62 సెంటీమీటర్లు, ఒక్కో అద్దం బయటికి 8 సెంటీమీటర్లు పొడుచుకు వస్తుంది; రెండూ పెడితే 78 అవుతుంది, సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర రెండు ఆటోల మధ్య అంత చోటు ఎవరూ వదలరు.