పడి లేచాక పాటను అందుకునే చోటు

కొరియోగ్రాఫర్ పనితనం ప్రోగ్రాం సాఫీగా సాగిన రోజున బయటపడదు. ఆ రోజున ఎవరు కూర్చినదైనా బాగానే కనిపిస్తుంది. జంప్ బెడిసి, ఐస్ మీద చతికిలబడి, లేచేసరికి పాట మనల్ని వదిలేసి ముందుకు వెళ్లిపోతుంది చూడండి, ఎవరి చేతిలో పడ్డామో అప్పుడు తెలుస్తుంది. ఫిగర్ స్కేటింగ్ కొరియోగ్రఫీ గురించి నాకున్న గట్టి అభిప్రాయం ఇదొక్కటే. మిగతా వాటిలో సర్దుకుపోతాను.

నేనుండేది టొరంటో పక్కన. నలభై దాటాక స్కేట్లు కట్టాను, పోటీ పడేది పెద్దల విభాగంలో. నా జంపులన్నీ ఒక్క చుట్టువే, ఒకటిన్నర చుట్ల ఆక్సెల్ ఇంకా కలల్లోనే ఉంది. ఇక్కడ రాసేదాన్ని ఆ కొలతతోనే చదవండి. నా ప్రోగ్రాం కూర్చిన కొరియోగ్రాఫర్ ఆవిడ పేరు చెప్పను, చివర్లో కాస్త సణుగుడు కూడా ఉంది గనక.

ఎన్ని జంపులు, ఎన్ని స్పిన్నులు ఉండాలన్నది రూలు పుస్తకమే చెబుతుంది. వాటిని ఏ వరుసలో పెట్టాలో కోచ్ చెబుతాడు. ఇక కొరియోగ్రాఫర్‌కు మిగిలేది వాటి మధ్య జాగా. ఆ జాగాను ఎలా వాడారన్నదే అసలు సంగతి.

మొదటిరోజు ఆవిడ పాట పెట్టనే లేదు. గంటసేపు నా చేత ఉత్త జంపులు చేయిస్తూ గట్టు పక్కన నిలబడి చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నారు. గంటకింత అని డబ్బు కడుతున్నదాన్ని కదా, నా కళ్లు గోడ గడియారం మీదే ఉన్నాయి. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో ప్రోగ్రాం తయారైంది. అందులో లూప్ జంప్ తర్వాత ఒక పొడవాటి వంపు ఉంది. రింకులో హాకీ కోసం గీసిన నీలిగీత దగ్గర మొదలై, రింకు చివరిదాకా వెళ్లి, గట్టు వెంబడి గుండ్రంగా తిరిగి, మళ్లీ దాదాపు బయలుదేరిన చోటికే వస్తుంది. బ్లేడు బయటి అంచు మీద జారుడు, మధ్యలో ఒక్క క్రాసోవర్ (కాలు మీదుగా కాలు వేసి తోయడం), చేతులు నెమ్మదిగా తెరుచుకోవడం. అంతకుమించి ఏమీ లేదు.

ఆ వంపంటే మా కోచ్‌కు మొదటినుంచీ గిట్టదు. ‘ఇంతసేపు ఖాళీగా జారడమేనా? ఒక త్రీ టర్న్ పెట్టండి, ఒక బ్రాకెట్ పెట్టండి, కంపోజిషన్ మార్కులు ఎక్కడినుంచి వస్తాయి?’ అని ప్రతి వారం పోరు. ఆ రెండూ ఒంటికాలి మీద తిరిగే మలుపులు, కంపోజిషన్ అంటే ప్రోగ్రాం కూర్పుకిచ్చే మార్కులు. ఆయన మాటలోనూ న్యాయముంది. 2022కు ముందు ట్రాన్సిషన్లకు, అంటే జంపులూ స్పిన్నుల మధ్య కదలికలకు, విడిగా మార్కులుండేవి. జడ్జీలు మార్కులిచ్చే ఐదు కాంపోనెంట్లను (అంశాలను) మూడుకు కుదించాక ఆ లెక్క చాలావరకు కంపోజిషన్‌లో కలిసిపోయింది. ఖాళీ కనిపిస్తే జడ్జీలు ఊరుకోరు.

తర్వాతి చలికాలంలో ఒక పోటీ. వార్మప్‌లో లూప్ చక్కగా పడింది, పోటీలో నేను పడ్డాను. తుంటి మీద పడి, గుండ్రంగా తిరిగి, మోకాలు ఆనించి లేచేసరికి నాలుగైదు సెకన్లు పోయాయి. మామూలుగా ఆ సమయానికి నేను వంపులో సగం దూరం వెళ్లిపోయి ఉండాలి. అంతకుముందు వేరొకరు కూర్చిన ప్రోగ్రాంలో ఇలాగే పడితే చివరిదాకా పాట వెనక పరుగే పరుగు. అందులో ప్రతి తాళానికీ ఒక అడుగు ఇరికించి ఉండేది. ఏది వదలాలో తోచక అన్నీ చేశాను, పాట ఆగిపోయాక కూడా స్పిన్ తిరుగుతూనే ఉన్నాను.

ఈసారి లేచి చూస్తే నేను చేరాల్సిన చోటు ఎదురుగానే ఉంది. వంపు అంత పెద్దదైనా దాని మొదలుకీ చివరకీ మధ్య దూరం పట్టుమని పదిహేను అడుగులు ఉండదు. గట్టుదాకా వెళ్లడం మానేసి, రెండు తోపుల్లో అడ్డంగా అక్కడికి వెళ్లి, రోజూలాగే చేతులు తెరిచాను. వయొలిన్ పై స్థాయికి ఎక్కుతుండగా సాల్కో జంప్‌లోకి తిరగాలి. సరిగ్గా అక్కడే తిరిగాను. పడ్డందుకు మార్కుల్లో కోత ఎలాగూ పడింది. అక్కడినుంచి చివరిదాకా ఒక్క తాళం తప్పలేదు.

ఆ రాత్రి ఆవిడకు సందేశం పెట్టాను. వచ్చిన జవాబు రెండే వాక్యాలు: ‘మొదటిరోజు మీరు ఎక్కువగా పడింది లూప్ దగ్గరే. అందుకే అక్కడ పెట్టాను.’ చిన్న పుస్తకంలో రాసుకున్నది నా జంపుల గొప్ప గురించి కాదన్నమాట! ముందే చెప్పవచ్చు కదా అంటే, చెబితే పడడానికి సిద్ధపడతారని అన్నారు.

పెద్ద స్థాయిలో కూడా, తప్పాక సర్దుకునే ఈ మరమ్మతు చోటు ఎంత ముఖ్యమో 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో చూశాం. రష్యా స్కేటర్ అలీనా జాగిటోవా తన ఫ్రీ స్కేట్ (పోటీలో రెండోది, పొడవాటి ప్రోగ్రాం) జంపులన్నీ రెండో సగంలోనే పెట్టుకుంది, అప్పట్లో ఆ సగంలో వాటి విలువకు 10 శాతం అదనం గనక. మొదటి లట్జ్ జంప్ వెంటనే ట్రిపుల్ లూప్ (మూడు చుట్ల లూప్) తగిలించలేకపోయింది. వెనక ఇంకో లట్జ్ ఉంది కాబట్టి దానికి తగిలించింది, స్వర్ణం గెలిచింది. మొత్తం మీద రెండో స్థానంలో నిలిచిన మెద్వెదేవాతో తేడా 1.31 పాయింట్లు, ఫ్రీ స్కేట్‌లో ఇద్దరికీ 156.65 చొప్పున వచ్చాయి. ఆ ప్రోగ్రాం మొదటి సగం నాకు నచ్చదు, జంప్ లేకుండా ఎంతసేపు చూస్తాం? ఆ ఏడాదే నిబంధన మార్చి, ఫ్రీ స్కేట్‌లో చివరి మూడు జంపులకే అదనం అన్నారు. కానీ తప్పును సరిదిద్దుకునే దారి ఆ ప్రోగ్రాంలో ఉంది, దాన్ని కాదనలేను.

రూలు పుస్తకాన్ని చదివిన కొరియోగ్రాఫర్ అంటే నాకు గౌరవం. 1984లో సారయెవో ఒలింపిక్స్‌లో బ్రిటన్ ఐస్ డాన్స్ జంట టోర్విల్, డీన్‌ల ‘బొలేరో’ సంగీతం అనుమతించిన దానికన్నా 18 సెకన్లు ఎక్కువైంది. అప్పట్లో బ్లేడు ఐస్ మీద ఆని స్కేటింగ్ మొదలైతేనే గడియారం మొదలయ్యేది. అందుకని ఆ కాసేపూ మోకాళ్ల మీదే ఊగుతూ గడిపారు. మా కొరియోగ్రాఫర్ కూడా ప్రోగ్రాం మొదట్లో నన్ను కదలకుండా నిలబెట్టారు. కదిలేదాకా సమయం లెక్కలోకి రాదు, ఈలోగా పాట నడక చెవిలోకి ఎక్కుతుంది, గుండె దడ కొంత తగ్గుతుంది. ఇది కూడా గొప్పగా ఉందని ఒకప్పుడు అందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. చలి ఎక్కువున్న రింకులో ఆ కాసేపటికే నా మోకాళ్లు బిగుసుకుంటాయి.

ఇంకొన్ని ఉన్నాయి. మరమ్మతు చోటు ఒక్కటే. చివరి అర నిమిషం కిక్కిరిసి ఉంటుంది, అక్కడున్న ఫ్లిప్ జంప్ దగ్గర పడితే దిక్కు లేదు, ఒకసారి పడి చూశాను కూడా. చేతుల కదలికలు ఆవిడ చేస్తే కళ్లు తిప్పుకోలేం. అవే నేను చేస్తే, వీడియోలో కూడలి దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్‌లా ఉన్నాను. ఫుట్‌వర్క్‌లో లెవెల్ (కష్టాన్ని బట్టి ఇచ్చే స్థాయి) ఎలా పెరుగుతుందన్న చింత ఆవిడకు ఏ కోశానా లేదు, నాకు కనీస లెవెల్ దాటి రాలేదు. ఇక మార్పు కావాలంటే మళ్లీ గంటల లెక్కన కట్టాలి. స్పిన్‌లో చేయి పెట్టే తీరు మార్చడానికి కూడా కట్టాను.

అన్నిటికన్నా చిక్కు ఏమిటంటే, ఈ మధ్య నా లూప్ కుదిరింది. పదిసార్లు చేస్తే ఒకటి రెండుసార్లే పడుతున్నాను. దాంతో ఆ వంపు ఇప్పుడు నిజంగానే ఖాళీగా కనిపిస్తోంది, కోచ్ పోరు మళ్లీ మొదలైంది. జపాన్ స్కేటర్ యుజురు హన్యూ, షోపాన్ బల్లాడ్ సంగీతానికి జెఫ్రీ బటిల్ కూర్చిపెట్టిన షార్ట్ ప్రోగ్రాంను 2014 నుంచి పదేపదే చేసి, 2020లో కూడా దానితోనే 111.82 పాయింట్లు సాధించాడు. అలా ఏళ్లతరబడి నిలిచే ప్రోగ్రాం చేయించుకునే భాగ్యం నాకు ఉందో లేదో తెలియదు. నాది నా బలహీనతకు కొలిచి కుట్టించుకున్నది, బలహీనత తగ్గితే వదులవుతోంది.

మీ పాపకు పన్నెండేళ్లుండి, టెస్టులు, లెవెళ్లు వరసగా దాటాలనుకుంటే ఈవిడ దగ్గరికి పంపమని చెప్పలేను. నాలాగా ఉద్యోగం చేసుకుంటూ, వారానికి రెండు మూడు తెల్లవారుజాములు ఐస్ మీద గడుపుతూ, పోటీలో పడతామన్న భయంతోనే రింకులోకి దిగేవాళ్లయితే పంపుతాను. ఈ ఏడాది నేను ఇంకా ఏమీ తేల్చుకోలేదు. వంపులో ఒక త్రీ టర్న్ పెట్టి, పడినరోజు మాత్రం దాన్ని వదిలేసేలా కూర్చగలరా అని అడిగాను. కూర్చవచ్చు, రెండు గంటలు పడుతుంది అన్నారు. మోకాలి ఫిజియోథెరపీ బిల్లు వచ్చాక ఆ రెండు గంటల సంగతి చూస్తాను.