పాత మహీంద్రా థార్‌లో షెల్ రిములా ఆర్4 ఎక్స్ 15డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్: మూడేళ్లు వాడాక

నాది 2012 మోడల్ థార్ సీఆర్డీఈ, అంటే డీజిల్ ఇంజిన్‌ది, ఫోర్ బై ఫోర్, 2498 సీసీ, రీడింగ్ 1,60,000 దాటింది. ఇల్లు విజయవాడ సింగ్‌నగర్, పొలం నందిగామ అవతల నల్లరేగడిలో. వాన పడిందంటే ఆ డొంకలో ట్రాక్టరు, నా బండి తప్ప ఇంకేం కదలవు. ఇలాంటి బండికి ఏ ఆయిల్ పోయాలని ఆటోనగర్‌లో అడిగితే పది మంది పది రకాలు చెప్తారు, అందులో మూడు రకాలు నేను పోయించి చూశా, అందుకే రాస్తున్నా.

మొదట ఒక మేస్త్రి "పాత బండి కదండీ, మన ఎండలకి చిక్కటిది పోస్తే పొగ తగ్గుద్ది" అని 20డబ్ల్యూ-50 పోశాడు. పొగ కొంచెం తగ్గిన మాట నిజమే, కానీ పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆయిల్ లైట్ ఆరడానికి ముందుకన్నా ఎక్కువసేపు పట్టేది, ఆ కాసేపూ ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బోకి ఆయిల్ సరిగ్గా అందదు, నాకు అక్కడే భయమేసింది. తర్వాత డబ్బా తిప్పి చూస్తే అది పెట్రోల్ బండ్ల ఆయిల్! డబ్బా మీద ఏపీఐ (ఆయిల్ రకాన్ని చెప్పే అమెరికా గుర్తు) అని ఉన్నచోట ఎస్‌తో మొదలైతే పెట్రోల్‌ది, సీతో మొదలైతే డీజిల్‌ది, కొన్నిటి మీద రెండూ ఉంటాయి. డీజిల్ ఇంజిన్‌లో పుట్టే మసిని పట్టి ఉంచే మందు సీ రకంలోనే గట్టిగా ఉంటుంది, కాబట్టి చిక్కదనం కంటే ముందు ఈ అక్షరం చూడండి దయచేసి.

ఇక ఎండల సంగతి. బెజవాడలో మే నెలలో 45 డిగ్రీలు కొట్టినా ఇంజిన్‌లో ఆయిల్ ఏ కాలమైనా 100 డిగ్రీల చుట్టుపక్కలే తిరుగుతుంది, థర్మోస్టాట్, రేడియేటర్ ఉన్నది అందుకే కదా. 15డబ్ల్యూ-40లో చివరి 40 అనే నంబర్ ఆ 100 డిగ్రీల దగ్గర కొలిచిన చిక్కదనమే, 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) మధ్య ఉండాలి. రేడియేటర్ శుభ్రంగా ఉంటే మన ఎండకి 40 చాలు. వేడెక్కుతుంటే ఆయిల్ చిక్కగా చేయడం కాదు, రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న మట్టి కడిగించాలి.

రెండోది ఫుల్లీ సింథటిక్ 5డబ్ల్యూ-40, రేటు దాదాపు రెండింతలు. ఇంజిన్ చాలా మెత్తగా నడిచింది, ఆ మాట ఒప్పుకోవాలి, సౌండ్ అంత తక్కువ ఎప్పుడూ లేదు. కానీ రెండు నెలలకి ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య నుంచి చుక్క చుక్క కారడం మొదలైంది. తప్పు ఆయిల్‌ది కాదు, ఆయిల్ బయటికి రాకుండా ఆపే వెనక క్రాంక్ సీల్ ఎప్పుడో గట్టిపడిపోయింది, ఈ ఆయిల్ కడిగేసేదాకా పేరుకున్న మడ్డి అడ్డం ఉండి కారలేదంతే, అని గేర్‌బాక్స్ దించాక తెలిసింది. ఇంకోటి, 5డబ్ల్యూ, 15డబ్ల్యూ అనేవి చలికి సంబంధించిన నంబర్లు. 15డబ్ల్యూని పరీక్ష చేసేదే మైనస్ 20 డిగ్రీల్లో. సంక్రాంతి తెల్లారుజామున కూడా మనకి 15 కిందకి దిగడం అరుదు, మంచు కోసం చేసిన గుణానికి మనం డబ్బులెందుకు పెట్టాలి?

మూడోది ఈ రిములా ఆర్4 ఎక్స్, మినరల్ ఆయిల్, సీఐ-4. ఆ సీఐ-4 అనేది 2002లో ఈజీఆర్ ఉన్న డీజిల్ ఇంజిన్ల కోసం వచ్చిన స్టాండర్డ్, ఈజీఆర్ పొగని మళ్ళీ లోపలికే పంపుతుంది కాబట్టి ఆయిల్‌లో మసి ఎక్కువ చేరుతుంది, నా ఇంజిన్ కథ కూడా అదే. డీపీఎఫ్, అంటే సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్, మన పాత బండ్లలో లేదు, దానికోసం చేసిన తక్కువ బూడిద ఆయిళ్ళ వెంట పడక్కర్లేదు. పోసిన వారానికే నల్లగా అయిపోతుంది, కంగారు పడకండి, మసిని బోర్‌కి, అంటే సిలిండర్ గోడకి, అంటనీకుండా తనలో పెట్టుకుంటోందని అర్థం. స్టార్టింగ్‌లో రెండు సెకన్లు సింథటిక్ కంటే గరగర ఎక్కువే, మళ్ళీ మార్చేలోపు అరలీటరు దాకా తాగుతుంది కూడా, ఈ వయసుకి నాకు అది సమ్మతమే. 7,000 కిలోమీటర్లకో ఏడాదికో ఏది ముందైతే అప్పుడు మారుస్తా, ఫిల్టర్ ప్రతిసారీ కొత్తదే.

నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం 2024 సెప్టెంబర్ 1. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మొత్తం మునిగినప్పుడు బండి ఇంటి ముందే ఉంది, బానెట్ దాకా నీళ్ళు. నీళ్ళు తీశాక చాలామంది తాళం తిప్పేసి ఇంజిన్లు పోగొట్టుకున్నారు. నేను బ్యాటరీ వైరు పీకేసి ట్రాక్టర్‌తో కట్టించుకుని ఆటోనగర్ లాక్కెళ్ళా. మేస్త్రి కింద పడుకుని ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ బోల్ట్ వదులు చేస్తే ముందు గ్లాసుడు బురదనీళ్ళు వచ్చి, ఆ తర్వాత నల్లటి ఆయిల్ దిగింది, ఇంజిన్ తిప్పలేదు కాబట్టి రెండూ కలవకుండా విడివిడిగా ఉన్నాయన్నమాట. అదే యాక్సిళ్ళు విప్పితే వాటిలో ఉండే గేర్ ఆయిల్ ఈపీ 90 అంతా పాలు కలిపిన కాఫీలా ఉంది! అది వరద నీళ్ళ వల్ల ఒక్కటే కాదు, వేడి మీదున్న యాక్సిల్ కాలవలో దిగితే చప్పున చల్లబడి, గాలి ఆడే బ్రీదర్ గొట్టంలోంచి నీళ్ళు లాగేసుకుంటుంది, అంతకుముందు వాగులో దిగినవన్నీ కలిసి అలా అయ్యుంటుంది. ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు తీసి చూసుకుని, కొత్త ఆయిల్ పోసి పది నిమిషాలు తిప్పి పారబోసి, మళ్ళీ పోసి మళ్ళీ పారబోసి, మూడోసారి పోసింది ఉంచాం. సింథటిక్ అయితే రెండోసారి పారబోయడానికి నాకు చెయ్యి వచ్చేది కాదు. నీళ్ళల్లో బురదల్లో తిరిగే బండికి, అనుమానం వస్తే ఆలోచించకుండా పారబోయగలిగే ఆయిల్ ఉండాలి, నాకు ఇది అలా దొరికింది.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఒకసారి ఒక షాపులో తక్కువకి ఇస్తున్నారని తీసుకుంటే మూత రింగు ముందే తెగి ఉంది, వాసన కూడా తేడా, తిరిగివ్వబోతే బిల్లేదన్నారు. అప్పట్నుంచి షెల్ బంకులోనో డిస్ట్రిబ్యూటర్ దగ్గరో బిల్లుతోనే. పోసేశాక ఖాళీ డబ్బా షెడ్డులో వదలను, స్క్రూడ్రైవర్‌తో అడుగున రెండు చోట్ల పొడిచి గాని ఇవ్వను, ఆ డబ్బా నకిలీ ఆయిల్‌తో మళ్ళీ ఎవరి బండికీ రాకూడదు. పోయిన వారం మార్పించినప్పుడు మా మేస్త్రే నేను అడక్కముందే స్క్రూడ్రైవర్ అందించాడు.