చుక్కతో ఐదేళ్లు: తిరుపతిలో బోర్డర్ కోలీని పెంచితే

మా చుక్కకు మొన్న వైశాఖంలో ఐదేళ్లు నిండాయి. దాన్ని చూసి ముచ్చటపడి, ఇలాంటి బోర్డర్ కోలీ కుక్క మాకూ కావాలని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లకోసమే రాస్తున్నా.

మొదటి ఏడాది చాలా అవస్థ పడ్డాం. అమ్మినాయన "రోజుకు రెండుసార్లు అలా తిప్పుకొస్తే చాలు, ఫ్లాట్లోనైనా ఉంటుంది" అన్నాడు. చాలలేదు. పిల్లలు హాల్లో పరిగెత్తితే వెనకనుంచి వచ్చి మడమలు పట్టేది. చుట్టాల పిల్లలు నలుగురొస్తే, వాళ్ల చుట్టూ తిరిగి తిరిగి సోఫా మూలకు చేర్చి, ఎదురుగా పడుకుని కాపలా కాసేది. అందరూ కొరుకుబోతు కుక్కన్నారు. నిజానికి అది మంద తోలుతోంది. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల్లో గొర్రెల కాపరులు ఆ పనికే తీర్చిదిద్దిన జాతి ఇది. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్కను ఈ జాతికి మూలంగా చెబుతారు. అది అరవకుండా, చూపుతోనే గొర్రెల్ని కదిలించేదట.

ఆ చూపేమిటో నాకు చంద్రగిరి దగ్గర తెలిసింది. చుక్కకు అప్పుడు పద్నాలుగు నెలలు. కోట దారిలో గొర్రెల మంద అడ్డమొచ్చింది. అంతవరకూ తాడు లాగుతున్నది కాస్తా నేలకు అంటుకుపోయింది. తల భుజాలకంటే కిందికి దించి, ముందుకాలు ఒకటి గాల్లోనే ఆపి, రెప్ప వేయకుండా చూసింది. ముందున్న పొట్టేలు ఆగి, పక్కకు తిరిగింది. కాపరి తాత కట్టె మీద గడ్డం ఆనించి చాలాసేపు చూసి, "దీనికి ఎవురూ నేర్పబన్లేదు సామీ, పుట్టకతోనే వచ్చిండాది" అన్నాడు.

ఆ రోజునుంచి దానికి పని పెట్టాం. వస్తువుల పేర్లు నేర్పాం. అమెరికాలో చేజర్ అనే బోర్డర్ కోలీ వెయ్యికి పైగా బొమ్మల పేర్లు నేర్చుకుంది. మాది నలభై దగ్గరుంది, దానికే ఇల్లు కుదుటపడింది. ఒకప్పుడు గడప తొక్కనివ్వని మా అమ్మే ఇప్పుడు "చుక్కా, నా కండ్లద్దాలు తేమ్మా" అంటుంది. రోజుకు రెండు గంటలు దీనితో గడిపే మనిషి ఇంట్లో లేకపోతే మాత్రం తెచ్చుకోవద్దు.

ఇక మన ఎండ. దీనిది రెండు పొరల బొచ్చు. మే నెలలో ఒకసారి పొద్దున ఎనిమిదిన్నరకు బయటికి తీసుకెళ్లాను, తప్పు నాదే. ఇంటికొచ్చేసరికి నాలుక కందిపోయి, వెనకకాళ్లు తడబడి కూలబడింది. పొట్టకూ పాదాలకూ నీళ్లు పోస్తూ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి చేరిస్తే బతికింది. అప్పట్నుంచి వేసవిలో ఐదున్నరకే యూనివర్సిటీ వైపు వెళ్లి, ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటాం. చల్లగా ఉంటుందని బొచ్చు గొరిగించకండి. ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాసేది అదే.

పిడుదులకు ఐవర్‌మెక్టిన్ సూది వేస్తామంటే, ముందు ఇది కోలీ జాతి అని డాక్టరుకు చెప్పండి. కోలీల్లో కొన్నిటికి జన్యులోపం వల్ల ఆ మందు మెదడుకెక్కుతుంది. బోర్డర్ కోలీల్లో అరుదే, అయినా చెప్పాలి. బొచ్చు రోజూ ఊడ్చుకోవాల్సిందే. తిండికీ మందులకూ మాకు నెలకు ఆరు వేలవుతోంది.

మా చుక్కకు పెద్ద శబ్దాలు పడవు. గంగజాతర డప్పులు మా వీధిలోంచే పోతాయి. ఆ వారమంతా సాయంత్రాలు బాత్రూంలో చాప వేసుకుని, దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను.