శ్రీలంకలో సముద్రం: దక్షిణ తీరమా, తూర్పు తీరమా?

శ్రీలంక చిన్న దీవే అయినా వానాకాలం అక్కడ అంతటా ఒకేసారి రాదు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలతో గాలే, మిరిస్సా ఉన్న దక్షిణ తీరం అల్లకల్లోలంగా ఉంటే, ట్రింకోమలీ, అరుగం బే ఉన్న తూర్పు తీరంలో ఎండ కాస్తుంటుంది. డిసెంబరు, జనవరి వచ్చేసరికి ఇది తారుమారవుతుంది. అందుకే ‘ఏ వైపు వెళ్లమంటారు?’ అని ఎవరైనా అడిగితే, ‘ఏ నెలలో?’ అన్నదే నా మొదటి ప్రశ్న.

సంక్రాంతి సెలవులకైతే దక్షిణమే. కొలంబో నుంచి గాలేకి సుమారు 120 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్‌వే ఉంది గానీ, రైలెక్కితేనే బాగుంటుంది. చాలాదూరం సముద్రం పక్కనే వెళ్తుంది. సర్ఫింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు వెలిగమ సరైన చోటు. అడుగున ఇసుకే కాబట్టి బోర్డు మీంచి పడినా పెద్ద దెబ్బలేం తగలవు. మిరిస్సాలో నీలి తిమింగలాల కోసం తెల్లవారుజామునే బోట్లు బయల్దేరుతాయి. వాంతుల మాత్ర వేసుకోవడం మరవొద్దు. ఒక్క తిమింగలం చుట్టూ నాలుగైదు బోట్లు మూగితే మాత్రం, నాకైతే చూడబుద్ధి కాదు.

క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం గాలేని వదలకూడదు. డచ్చివాళ్లు బలపరిచిన పాత కోట, దాని కిందే స్టేడియం. టెస్టు మ్యాచ్ జరిగితే జనం కోటగోడ ఎక్కి చూస్తారు. 2004 సునామీ ఈ మైదానాన్ని ముంచేసింది. మళ్లీ టెస్టు జరగడానికి 2007 డిసెంబరు దాకా పట్టింది. 2010 జులైలో స్పిన్నర్ మురళీధరన్ తన చివరి టెస్టు ఇక్కడే మనవాళ్ల మీద ఆడాడు. టెస్టుల్లో 800 వికెట్లకు అప్పటికి ఎనిమిది తక్కువ. నైరుతి కాలం కదా, వాన కూడా అడ్డుపడింది. అయినా చివరి రోజు అతని బంతికి మన ఓఝా స్లిప్‌లో జయవర్ధనేకి దొరికిపోయాడు, 800 లెక్క సరిపోయింది. ఆ మురళీధరనే తర్వాత సన్‌రైజర్స్ కోచింగ్ బృందంలో చేరి హైదరాబాద్‌కు దగ్గరయ్యాడు. ఆయనది కొండల్లోని కాండీ. జయసూర్య, మలింగ మాత్రం ఈ తీరంవాళ్లే: ఒకరిది మాతర, మరొకరిది గాలే దగ్గరి రత్గమ. తీరం వెంట పిల్లలు సాఫ్ట్‌బాల్ క్రికెట్ ఆడుతుంటే కాసేపు ఆగి చూడండి. మలింగ ఆ పక్కవాటు విసురు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

వేసవి సెలవుల్లో వెళ్లేవాళ్లకు తూర్పు తీరమే గతి, అదేం తక్కువ గతి కాదు. ట్రింకోమలీలో కొండ అంచున కోణేశ్వరాలయం, కింద లోతైన సముద్రం. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదైన శాంకరీదేవి సన్నిధి ఇక్కడేనని మనవాళ్ల నమ్మకం. అమ్మానాన్నలను వెంట తీసుకెళ్తే ఇంతకంటే కారణం అక్కర్లేదు. నీలవేలి నుంచి కాసేపు బోటులో వెళ్తే పిజియన్ ఐలాండ్ జాతీయ పార్కు. మాస్కు పెట్టుకుని నీళ్లలో తల ముంచితే పగడాలు, రంగురంగుల చేపలు, అదృష్టం ఉంటే నల్లమొన రెక్కల చిన్న షార్కులు కనిపిస్తాయి. అవి మామూలుగా మన జోలికి రావు. ఈత రాకపోతే లైఫ్ జాకెట్ వేసుకోండి, పగడాల మీద మాత్రం కాలు మోపొద్దు.

అరుగం బే సంగతి వేరు. అక్కడి పెద్ద అలలు చేయి తిరిగిన సర్ఫర్ల కోసం. కొత్తవాళ్లకు పక్కన చిన్న అలల చోట్లు ఉన్నాయి గానీ, నేర్చుకోవడానికే అయితే అంత దూరం వెళ్లక్కర్లేదు.

నెలతో పేచీ లేకపోతే నేను నీళ్ల కోసం తూర్పుకి, ఆట కోసం దక్షిణానికి ఓటేస్తాను. పిల్లాపాపలతో వెళ్తే ట్రింకోమలీ వైపే మొగ్గు: తీరం లోతు తక్కువ, జనం పలచన. నాలుగైదు రోజుల్లో రెండూ చుట్టేద్దామంటే మాత్రం రోజంతా వ్యానులోనే గడిచిపోతుంది. వారం పైన సమయముంటే మార్చి ఆఖరున, ఏప్రిల్ మొదట్లో వెళ్లండి. అప్పుడు రెండు వైపులా సముద్రం కాస్త నెమ్మదిస్తుంది. ఏప్రిల్ 13, 14 తేదీల్లో వాళ్లకు కొత్త సంవత్సరం. దుకాణాలు మూసేస్తారు, బస్సులు కిక్కిరిసి ఉంటాయి. ఆ రెండు రోజులూ తప్పించి టికెట్లు చూసుకోండి.