గిటార్ పెడల్ మాడ్ కిట్లలో నకిలీ జెర్మేనియం డయోడ్లు: జాగ్రత్త

ఓవర్‌డ్రైవ్ పెడల్‌ని (గిటార్ శబ్దాన్ని కాస్త గరగరలాడించే, కాలితో నొక్కే పెట్టెని) ఇంట్లోనే మాడ్ చేసుకుందామని, అంటే లోపలి భాగాలు మార్చుకుందామని, ఆన్‌లైన్‌లో కిట్లు వెతుకుతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. పోయిన నెల 1,450 రూపాయలు పెట్టి నేనొకటి తెప్పించాను. అందులో రెండు 1ఎన్34ఏ జెర్మేనియం డయోడ్లు (సిగ్నల్‌ని కోసే చిన్న భాగాలు), ఒక జేఆర్‌సీ4558డీ చిప్ (సిగ్నల్‌ని పెంచేది), కొన్ని రెసిస్టర్లు. నా ఐబనేజ్ టీఎస్9 పెడల్ చెవికి కాస్త గుచ్చుకున్నట్టు ఉంటుంది. అదే కంపెనీ పాత మోడల్ టీఎస్808లా మెత్తగా, నిండుగా పలకాలని ఆశ.

రెండు సాయంత్రాలు కూర్చుని టంకం వేశాను. సౌండ్‌లో పిసరంత తేడా లేదు, పైగా సన్నటి బుస మొదలైంది. ముందే చేయాల్సిన పని అప్పుడు చేశాను: డయోడ్లు విప్పి మల్టీమీటర్ పెట్టాను. 0.64, 0.65 వోల్టులు! అవి మామూలు సిలికాన్ డయోడ్లు. జెర్మేనియం అయితే 0.2 నుంచి 0.35 లోపు చూపాలి. తక్కువ వోల్టేజీ దగ్గరే, మెల్లగా సిగ్నల్‌ని కోస్తుంది కాబట్టే దానికా మెత్తదనం. ఇక చిప్‌ని అసిటోన్ దూదితో రుద్దితే అక్షరాలు, నల్లపూత కలిసి ఊడొచ్చాయి. కింద పాత నంబరు గీకేసిన గుర్తులు.

డబ్బు కన్నా ఎక్కువ బాధపెట్టింది పెడల్‌లోని సర్క్యూట్ బోర్డు. విప్పి మళ్లీ వేసేటప్పుడు రాగి ప్యాడ్ లేచిపోయింది, జంపర్ వైరుతో అతికించుకోవాల్సి వచ్చింది. అమ్మినతను "సోల్డర్ చేశాక వాపసు లేదండీ" అని ఫోన్ పెట్టేశాడు.

కాబట్టి పార్సిల్ విప్పగానే, టంకం ఐరన్ వేడి చేయకముందే మీటర్ పెట్టండి. షాట్కీ అనే మరో రకం డయోడ్ కూడా జెర్మేనియంలాగే తక్కువ వోల్టేజీ చూపిస్తుంది, అందుకే వెలుగులో పట్టుకుని కూడా చూడండి: అసలు 1ఎన్34ఏ గాజులోపల వెంట్రుకంత తీగ కనిపిస్తుంది. జెర్మేనియం వేడికి తట్టుకోలేదు, టంకం వేసేటప్పుడు దాని కాలుని పట్టకారుతో పట్టుకోండి. చిప్‌కి 8 కాళ్ల సాకెట్ వేసుకుంటే మార్చిన ప్రతిసారీ బోర్డు కాలదు.

ఇంకో మాట. టీఎస్9కీ టీఎస్808కీ సర్క్యూట్‌లో ఉన్న ముఖ్యమైన తేడా అవుట్‌పుట్ దగ్గర రెండు రెసిస్టర్లే. టీఎస్9లోని 470 ఓమ్‌ల చోట 100, లక్ష ఓమ్‌ల చోట 10 వేలు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తే రెండూ చిల్లర డబ్బులకే దొరుకుతాయి, కిట్ అక్కర్లేదు. అవి మార్చాక వచ్చిన తేడా కొద్దిదే, అయినా నా చెవికి తెలుస్తోంది. అసలైన జెర్మేనియం డయోడ్లు మాత్రం నాకింకా దొరకలేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే, మీటర్‌లో ఎంత చూపించిందో కూడా చెప్పండి.