జాగ్రత్త: క్యారవాన్ అద్దెకి తీసుకుని కుక్కలతో కోనసీమ వెళ్తున్నారా? "రాత్రంతా ఏసీ" అన్న మాట నమ్మి అడ్వాన్సు పంపకండి

"రాత్రంతా ఏసీ నడుస్తుందండి, కుక్కలున్నా పర్లేదు, పేపర్లన్నీ క్లియర్." ఈ మూడు మాటల మీద మేము డబ్బు కట్టిన క్యారవాన్‌లో (లోపలే పడుకుని, వండుకునేలా కట్టిన బండి) మూడూ అబద్ధమే అయ్యాయి. ఏసీ గంట కూడా నిలవలేదు. నంబరు ప్లేటు తెల్లది, అంటే అద్దెకి ఇవ్వకూడని బండి. బండి అప్పగించాక కుక్క గోళ్ల గీతలు పడ్డాయని డిపాజిట్ మొత్తం పట్టేసుకున్నారు. ఇచ్చినవాళ్ల పేరు రాయడం లేదు. ఈ లోపాలు ఎవరి బండిలోనైనా ఉండొచ్చు, అందుకే డబ్బు చేతిలో ఉండగానే వాటిని పట్టుకునే పద్ధతి చెబుతున్నాం.

ముందు ఏసీ సంగతి. ఇలా అద్దెకిచ్చే బళ్లలో చాలావరకు టెంపో ట్రావెలర్‌ని మార్చి కట్టినవే. వెనక సీటు కింద ఇళ్లలో ఇన్వర్టర్‌కి పెట్టుకునే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీ ఎంత దాచుకోగలదో చెప్పే లెక్క) ట్యూబులర్ బ్యాటరీ ఒకటి ఉంటుంది. 12 ఓల్టులని 150తో గుణిస్తే 1800 వాట్ అవర్లు. ఇలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే తొందరగా పాడైపోతుంది కాబట్టి చేతికొచ్చేది 900. ఇన్వర్టర్‌లో పోయేది తీసేస్తే 800కి దగ్గర. ఒక టన్ను ఏసీ గట్టిగా నడిచేటప్పుడు వెయ్యి వాట్ల దాకా లాగుతుంది. అంటే ముప్పావు గంట. చల్లబడ్డాక కంప్రెసర్ నెమ్మదిస్తుందిలే అంటారు గానీ డెల్టా ఉక్కలో, నలుగురు మనుషులు రెండు కుక్కలు ఊపిరి పీలుస్తున్న రేకు డబ్బాలో, అది అంత తొందరగా నెమ్మదించదు. ఎనిమిది గంటల రాత్రికి కనీసం 4 నుంచి 5 యూనిట్లు, అంటే 4000 నుంచి 5000 వాట్ అవర్లు కావాలి. అందుకు 48 ఓల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ లాంటిది ఉండాలి. సీటు ఎత్తించి లేబుల్ ఫొటో తీసుకోండి. "పెద్ద బ్యాటరీ అండి" అంటే చాలదు, ఓల్టులు, ఏహెచ్ రెండూ కనబడాలి. తర్వాత ఇంజన్ ఆపి, బయటి కరెంటు ప్లగ్ పీకి, ఏసీ వేసి అక్కడే గంట కూర్చోండి. ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.

కిటికీలకి దోమతెరలు, పైకప్పుకి 12 ఓల్టుల ఫ్యాన్ ఉన్నాయో లేదో చూడటం ఇంకా ముఖ్యం. కాలవ పక్కనో రొయ్యల చెరువుల పక్కనో తెర లేకుండా అద్దం దించలేరు, దోమలు పీకేస్తాయి. 3 ఆంపుల ఫ్యాన్ ఎనిమిది గంటలు తిరిగినా 24 ఏహెచ్ మాత్రమే పోతుంది.

బ్యాటరీ చాలదని తెలిసినవాళ్లు "జనరేటర్ ఉందిగా" అంటారు. ఇది ప్రాణాలతో చెలగాటం. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో ఆగి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది. ఆ వాయువుకి వాసన ఉండదు, నిద్రలో తెలియదు. పడుకున్నప్పుడు జనరేటర్ గానీ ఇంజన్ గానీ నడవకూడదు. వైర్ల కోసం ఫ్లోరులో కొట్టిన కన్నాలకి సీలింగ్ ఉందో లేదో టార్చి వేసి కింద నుంచి చూడండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మీరే కొనుక్కెళ్లండి.

గ్యాస్ కూడా అంతే. ఎల్పీజీ గాలి కన్నా బరువు, లీకైతే ఫ్లోరు మీదే పేరుకుంటుంది. కుక్కలు పడుకునేది సరిగ్గా అక్కడే. లోపల 14.2 కిలోల ఇంటి సిలిండర్ కనిపిస్తే వద్దనండి. 5 కిలోల చిన్న సిలిండరైనా నిలబెట్టి బిగించి ఉండాలి, పడుకునేముందు రెగ్యులేటర్ ఆపాలి.

రిసార్టులో ప్లగ్ పెట్టుకుంటే 16 ఆంపుల సాకెట్, దానికి ఎర్తింగ్ అడగండి. పెట్టగానే టెస్టర్‌తో మెట్టునీ తలుపు పిడినీ ముట్టి చూడండి. వెలిగిందంటే బాడీకి కరెంటు వస్తున్నట్టే. మనకి చెప్పులుంటాయి, తడి కాళ్లతో మెట్టెక్కే కుక్కకి ఉండవు.

ఇక కాగితాలు. తెల్ల ప్లేటు బండి సొంతానికి మాత్రమే, అద్దెకి ఇవ్వకూడదు. డ్రైవర్‌తో ఇచ్చేదానికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు, మీరే నడిపేదానికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు బండికి ప్రమాదం జరిగితే అద్దెకి తిప్పారన్న కారణంతో ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయొచ్చు. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి వాహన తరగతి, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పర్మిట్ తేదీలు చూడండి. బాడీ మార్చి కట్టిన సంగతి ఆర్సీలో ఎక్కకపోతే అదీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమే. పీవై 04తో మొదలయ్యే నంబరు యానాంది. అది పుదుచ్చేరి రిజిస్ట్రేషన్ కాబట్టి ఆంధ్రాలో అద్దెకి తిప్పే పర్మిట్ చూపించమనండి. టైరు పక్కన అంకెలు చూడటం మరవకండి: చివరి నాలుగు 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం. అంత పాత టైర్లయితే మార్చాకే తీసుకోండి.

దారి గురించి ఒక్క మాట. బండి ఎత్తు టేపుతో కొలిపించి రాసుకోండి, పైన ఏసీ పెట్టెతో కలిపి. లంక ఊళ్లలో కొబ్బరి మట్టలు, వేలాడే కేబుల్ వైర్లు దానికే తగులుతాయి. వానపడితే కాలవ గట్టు అంచు మెత్తబడి ఎడమ చక్రం దిగబడుతుంది. ఎదురు బండికి దారివ్వాలంటే మీరే ఆగండి, అంచుకి దిగకండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు (బళ్లని గోదావరి దాటించే పడవ) మీద దాటించే ఆలోచన వద్దు, చించినాడ వంతెన మీదుగా పోవడమే నయం. టాయిలెట్ ట్యాంకు కాలవలో ఖాళీ చేయమని డ్రైవర్లే సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపేది ఆ కాలవ నీళ్లతోనే. రిసార్టు వాళ్లనడిగి సెప్టిక్ ట్యాంకులో పోయండి.

కుక్కలకి రేబిస్‌తో పాటు లెప్టోస్పైరోసిస్ టీకా కూడా పడి ఉండాలి. ఎలకల మూత్రం కలిసిన చేల నీళ్ల వల్ల అది సోకుతుంది. కాకినాడ దగ్గరున్న కోరింగ అభయారణ్యంలోకి కుక్కల్ని తీసుకెళ్లే ప్లాను పెట్టుకోకండి. "కాసేపేగా, ఏసీ వేసి వదిలేద్దాం" అనీ అనుకోకండి. బ్యాటరీ ఆగిన క్షణం నుంచి ఎండలో ఉన్న బండి నిమిషాల్లో కాగిపోతుంది. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు జాతులు అసలు తట్టుకోలేవు. ఎవరో ఒకరు కుక్కల దగ్గర ఉండాల్సిందే.

డిపాజిట్ విషయంలో మా తప్పు ఒకటే, తీసుకునేటప్పుడు వీడియో తీయకపోవడం. సీటు రెగ్జిన్, తలుపు అడుగు భాగం, ఫ్లోరు, ఈ మూడు చోట్లే గోళ్ల గీతలని చూపిస్తారు. ఉన్న గీతల మీద వేలు పెట్టి వీడియో తీసి, యజమాని ఎదుటే ఆయన వాట్సాప్‌కి పంపండి. ఎన్ని కుక్కలు, వాటికి చార్జి ఎంత, దేనికి ఎంత కోస్తారు, డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అన్నీ రాతలో ఉండాలి. డబ్బు యూపీఐలో పంపి నోట్‌లో "డిపాజిట్, తిరిగి ఇవ్వవలసినది" అని రాయండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, ఆ వీడియో, ఆ వాట్సాప్ మెసేజీ, యూపీఐ రసీదు జతచేస్తే సరి.